కుదురైన కుట్టు చేతిదా, ఫుట్‌దా?

కుట్టు మిషనులో సూదికి అటూ ఇటూ బట్టను నొక్కిపట్టే చిన్న లోహపు ముక్క ప్రెషర్ ఫుట్. మిషనుతో పాటు వచ్చే మామూలు ఫుట్ ఒక్కటి చాలా, లేక జిప్పుకొకటి, పైపింగుకొకటి, అంచు మడతకొకటి, కుచ్చులకొకటి కావాలా అన్నది టైలరింగ్ దుకాణాల్లోనూ కుట్టు నేర్పే చోటా తెగని వాదం. ఇక్కడ ఒక పక్షం ఆడవాళ్లకు కుట్టు నేర్పే టీచరమ్మది, రెండో పక్షం లేడీస్ టైలర్ దుకాణం నడిపే కటింగ్ మాస్టరుది.

టీచరమ్మ: ముందు ఒక చున్నీ లెక్క చూడండి మాస్టారూ. షిఫాన్ చున్నీ పొడవు 2.5 మీటర్లు, వెడల్పు మీటరు అనుకుందాం. నాలుగు పక్కలా కలిపి 7 మీటర్ల అంచు. మామూలు ఫుట్‌తో ఆ అంచును సన్నగా మడిచి కుట్టాలంటే మొదట ఒక మడత వేసి ఒక వరస కుట్టాలి. మిగిలిన బట్టను కుట్టు దాకా కత్తిరించాలి. మళ్లీ మడిచి రెండో వరస వెయ్యాలి. మొత్తం 14 మీటర్ల కుట్టు, మధ్యలో 7 మీటర్ల కత్తెర పని.

రోల్డ్ హెమ్ ఫుట్‌కి ముందు భాగంలో చుట్ట తిరిగిన రేకు ఉంటుంది. బట్ట అంచు అందులోకి వెళ్లి, తనంతట తానే రెండు మడతలు పడి సూది కిందికి వస్తుంది. 7 మీటర్ల అంచుకి 7 మీటర్ల కుట్టే. చున్నీకింత అని కూలి తీసుకునే ఆడమనిషికి ఇది సగం పని తగ్గడం.

మాస్టరు: లెక్క సరిగ్గానే ఉందమ్మా. అయితే చున్నీకి నాలుగు మూలలు కూడా ఉన్నాయి కదా? మూల దగ్గర బట్ట ఆ చుట్టలోకి ఎక్కదు. మొదటి అంగుళం చేత్తోనే మడిచి కుట్టి, దారం కొసలు పట్టుకుని లాగుతూ లోపలికి దూర్చాలి. తీరా ఎక్కాక కూడా బట్టను అదే ఒడుపుతో పట్టుకుని ఉండాలి. కాస్త ఎక్కువ వెళ్తే మడత ఉబ్బుతుంది, కాస్త తక్కువ వెళ్తే పోగులు బయటికి వస్తాయి. చెయ్యి తిరగనివాళ్లకు ఆ ఫుట్ కూడా తిరగదు.

ఇంకో మాట. చున్నీ అంచు తిన్నగా ఉంటుంది కాబట్టి మీ లెక్క నిలబడింది. అంబ్రెల్లా కట్ గౌను కింది అంచు చూడండి. చుట్టూ గుండ్రం. కొన్ని చోట్ల బట్ట నిలువు పోగు మీద, కొన్ని చోట్ల ఏటవాలుగా క్రాస్ మీద ఉంటుంది. క్రాస్ మీద ఉన్న చోట బట్ట సాగుతుంది. ఆ ఫుట్ దాన్ని ఇంకాస్త లాగుతుంది. కుట్టు అయ్యాక అంచు అలలు అలలుగా నిలబడుతుంది. చేత్తో మడిచేవాడు ఎక్కడ బట్టను వదలాలో, ఎక్కడ పట్టాలో చూసుకుంటూ పోతాడు.

టీచరమ్మ: మూలల సంగతి, క్రాస్ సంగతి ఒప్పుకోవాల్సిందే. అంబ్రెల్లా గౌనుకు ఆ ఫుట్ పెట్టమని ఎవరూ నేర్పకూడదు. కానీ మీ మాటలో ఒక చిన్న మెలిక ఉంది. చెయ్యి వేరు, ఫుట్ వేరు అన్నట్టు మాట్లాడుతున్నారు. అసలు మామూలు ఫుట్ మాత్రం చెయ్యా? అదీ పరికరమే.

1846లో ఎలియాస్ హోవే పేటెంటు పొందిన మిషనులో బట్టను ఒక పలక అంచున మేకుల్లాంటి ముళ్లకు గుచ్చి నిలువుగా వేలాడదీసేవారు. పలక పొడవు అయిపోగానే మిషను ఆపి, బట్ట తీసి, మళ్లీ గుచ్చాలి. 1851 నాటి ఐజాక్ సింగర్ మిషను మీద బట్ట బల్లమీద పరిచినట్టు అడ్డంగా ఉంది, పైనుంచి ఫుట్ నొక్కిపట్టింది. 1854లో అలెన్ విల్సన్ కింది పళ్లకు నాలుగు కదలికలు ఇచ్చాడు. లేవడం, ముందుకు నెట్టడం, దిగడం, వెనక్కి రావడం. ఇప్పటికీ మన మిషన్లు నడిచేది ఆ పద్ధతిలోనే. బట్టను పళ్లకు ఆనించి ఉంచడం, సూది పైకి లేచేటప్పుడు దాంతో పాటు బట్ట లేవకుండా అదిమిపట్టడం ఫుట్ పని. బట్ట లేస్తే దారం ఉచ్చు పడదు, కుట్టు తప్పుతుంది. మరి చేతికి సాధ్యంకాని ఆ పనిని ఫుట్‌కి అప్పగించినప్పుడు లేని అభ్యంతరం, అంచు మడిచే పని అప్పగిస్తే ఎందుకు?

మాస్టరు: నొక్కిపట్టడం చేతికి సాధ్యంకాని పని, మడవడం చేతికి వచ్చిన పని. అభ్యంతరం ఆ తేడా దగ్గరే. మీరే చెప్పారు కాబట్టి ఆ మామూలు ఫుట్ గొప్పతనం కూడా చూడండి. మన ఊళ్లలో ఉన్న నల్లటి ఉషా, సింగర్ మిషన్లు తిన్న కుట్టు మాత్రమే వేస్తాయి. వాటి ఫుట్ మధ్యలో సూదికి సరిపడా సన్నని సందే ఉంటుంది. అందుకే వాయిల్, మల్లు లాంటి పలచటి బట్ట కూడా కిందికి కుంగకుండా సాఫీగా కుడుతుంది. జిగ్‌జాగ్ మిషన్లకు వచ్చే ఫుట్‌లో సూది అటూ ఇటూ తిరగడానికి వెడల్పు సందు ఉంటుంది. పలచటి బట్ట ఆ సందులోకి, కింద ప్లేటు రంధ్రంలోకి కుంగుతుంది. కుట్టు మొదట్లోనే బట్టను మిషను మింగేసిందని కొత్తవాళ్లు ఏడుపు ముఖం పెట్టేది అందుకే. ఏ హంగూ లేని పాత ఫుట్ ఇక్కడ గెలిచింది కదా.

టీచరమ్మ: గెలిచింది. ఎందుకు గెలిచింది? అది తిన్న కుట్టు ఒక్కదాని కోసమే చేసిన ఫుట్ కాబట్టి. జిగ్‌జాగ్ మిషను కొనుక్కున్న అమ్మాయి వాయిల్ కుట్టాలంటే ఆ సన్న సందు ఫుట్‌నీ, దానికి తగిన ప్లేటునీ విడిగా కొనుక్కోవాలి. కంపెనీల జాబితాల్లో దాన్ని ప్రత్యేక ఫుట్‌లలోనే వేస్తారు. మీరు పొగిడింది మా పక్షాన్నే మాస్టారూ.

మాస్టరు: సరే, ఆ ఒక్కటీ మీ ఖాతాలో రాసుకోండి. కానీ బజారులో జరుగుతున్నది అది కాదు. 32 ముక్కల పెట్టె, 42 ముక్కల పెట్టె అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఇంట్లో నల్ల మిషను ఉన్న ఆవిడ మోజుపడి కొంటుంది. పెట్టె తెరిస్తే అందులో అంచు అల్లే ఓవర్‌కాస్ట్ ఫుట్, శాటిన్ కుట్టు ఫుట్, బ్లైండ్ హెమ్ ఫుట్ ఉంటాయి. ఇవన్నీ సూది పక్కలకు కదిలితేనే పనికొస్తాయి. ఆవిడ మిషను సూది పక్కకు కదలదు. మిగిలినవాటిలో కొన్ని ఎక్కవు, ఎందుకంటే ఫుట్ బిగించే మర ఎత్తు మిషనుకో తీరుగా ఉంటుంది. ఇళ్లలో వాడే చాలా మిషన్లకు లో షాంక్. కొన్నిటికి హై షాంక్. పాత సింగర్ మిషన్లలో కొన్నిటికి వాలుగా ఉండే స్లాంట్ షాంక్. దుకాణాల్లోని పవర్ మిషన్ల ఫుట్ మళ్లీ వేరు.

ఇది తెలియక బిగించి మోటారు తొక్కితే సూది వెళ్లి ఫుట్ లోహానికి తగులుతుంది. విరిగిన సూది ముక్క ఎగిరితే కంటికే ప్రమాదం. ఇంత తతంగం చేతి మడతకు లేదు.

టీచరమ్మ: ఆ తప్పు అమ్మేవాళ్లది, చెప్పకుండా వదిలేసిన మాది. ఫుట్‌ది కాదు. ఫుట్ మార్చాక మోటారు జోలికి వెళ్లకుండా చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి, సూది ఎక్కడా తగలకుండా దిగి లేచిందో లేదో చూడాలి. అర నిమిషం పని. 42 ముక్కల పెట్టె కొనమని ఎవరూ అనడం లేదు. నాలుగైదు ఫుట్‌లు, చేసే పనిని బట్టి.

ఇదేదో నిన్నామొన్నటి మోజు అనుకోవడం కూడా సరికాదు. 1889లో పేటెంటు పొందిన సింగర్ చెక్కపెట్టె ఒకటి ఉంది. మడతలు విప్పితే బల్లపరుపుగా పరుచుకుంటుంది. అందులో కుచ్చులు పెట్టే రఫ్లర్, టక్కులు గుర్తుపెట్టే టక్కర్, పట్టీ వేసే బైండర్, రకరకాల వెడల్పుల హెమ్మర్లు అమర్చి మిషనుతో పాటు ఇచ్చేవారు. మిషను ఇళ్లలోకి వెళ్లిన తొలి తరాల్లోనే ఇవీ వెళ్లాయి.

మాస్టరు: ఆ పెట్టె ఎవరి బట్టల కోసం? ఫ్రిల్లుల మీద ఫ్రిల్లులు, వరసల కొద్దీ టక్కులు ఉండే ఆ కాలపు పాశ్చాత్య గౌన్ల కోసం. అక్కడ పనంతా అంచుల్లో, అలంకారంలో ఉంది. మన దగ్గర జాకెట్టు సంగతి చూడండి. కష్టమంతా కొలతలో ఉంది. డాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి, చంక గుండ్రం ఎంత లోతు తియ్యాలి, వీపు మీద ఎక్కువ కిందికి దిగిన మెడకు భుజం జారకుండా ఎంత తగ్గించాలి, సిల్కు జాకెట్టులో లైనింగు లోపల ముడతలు పడకుండా ఎంత వదులుగా ఉంచాలి, ఇందులో ఏ ఒక్కటీ ఫుట్ చెప్పదు. దుకాణానికి తిరిగొచ్చే జాకెట్లలో ఎక్కువ భాగం చంక పట్టేసిందనో, ఛాతీ దగ్గర ఎత్తిందనో వస్తాయి. అంచు మడత రెండు మిల్లీమీటర్లు లేదని ఎవరూ వెనక్కి తేరు. నేర్చుకునేవాళ్ల దృష్టి ఫుట్‌ల మీదికి మళ్లితే అసలు విద్య వెనకబడుతుంది.

టీచరమ్మ: ఈ మాటకు ఎదురు లేదు. కటింగు రానివాళ్లకు వంద ఫుట్‌లు ఇచ్చినా జాకెట్టు కుదరదు. అయితే జాకెట్టు ఇప్పుడు మీరు నేర్చుకున్న నాటి జాకెట్టు కాదు. మెడ చుట్టూ దారం పెట్టిన పైపింగు కావాలి. చేతుల మీద, వీపు మీద మగ్గం వర్కు కావాలి. లాంగ్ గౌనుకు కనపడని కన్సీల్డ్ జిప్పు కావాలి. కొలత కుదిరినా ఇవి కుదరకపోతే కూలి రాదు.

మగ్గం వర్కు జాకెట్టే తీసుకోండి. పూసలు, కుందన్లు, జర్దోసీ తీగ కుట్టు గీతకు ఆనుకుని ఉంటాయి. రెండు పక్కలా పాదం ఉన్న మామూలు ఫుట్ ఒక పక్క పూసల మీదికి ఎక్కి వంగుతుంది. ఫుట్ వంగితే పళ్ల మీద పట్టు పోతుంది, కుట్టు పక్కకు జారుతుంది, సూది పూసకు తగిలి విరుగుతుంది. ఒకే పక్క పాదం ఉన్న సింగిల్ ఫుట్ పెడితే పూసల పక్క ఖాళీగా ఉంటుంది, సూది పూస పక్కనుంచే పోతుంది.

మాస్టరు: సింగిల్ ఫుట్ లేని లేడీస్ టైలర్ దుకాణం ఎక్కడుంది టీచరమ్మా? అది ప్రత్యేకమని ఎవరూ అనుకోరు, అది చేతిలో భాగమైపోయింది. అసలు వాదం దానితోనే తేలిపోవాలి. ఆ ఒక్కదానితో పైపింగు కుడతాం, జిప్పు వేస్తాం, పూసల పక్కన కుడతాం. కన్సీల్డ్ జిప్పుకైనా అంతే. పళ్ల చుట్టను ముందు ఇస్త్రీతో నెమ్మదిగా విప్పి, గోటితో పక్కకు నెట్టి పట్టుకుని సింగిల్ ఫుట్‌తో కుడితే జిప్పు కనపడదు. కుట్టు పక్కనే గోరు నడవాలి. అదే పనితనం.

టీచరమ్మ: మీ గోటికి ఆ పనితనం రావడానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలుసు. కన్సీల్డ్ జిప్పు ఫుట్ అడుగున రెండు గాడులు ఉంటాయి. జిప్పు పళ్ల వరస మామూలుగా లోపలికి చుట్టుకుని ఉంటుంది. ఆ గాడిలోంచి వెళ్లేటప్పుడు నిలువుగా లేచి నిలబడుతుంది. సూది సరిగ్గా దాని మొదట్లో పడుతుంది. పళ్ల వరసను గాడి దారి తప్పనివ్వదు. సింగిల్ ఫుట్‌తో కొత్తవాళ్లు కుడితే రెండు తప్పుల్లో ఒకటి జరుగుతుంది. కుట్టు దూరంగా పడితే జిప్పు పట్టీ బయటికి కనిపిస్తుంది. మరీ దగ్గరగా పడితే పళ్లలోకి కుట్టు వెళ్లి జిప్పు ఇరుక్కుంటుంది. గిరాకీవాళ్ల గౌను మీద నేర్చుకునే అవకాశం ఎవరూ ఇవ్వరు.

మాస్టరు: వేలు తప్పు చేస్తేనే వేలికి తెలుస్తుంది. పాత గుడ్డ మీద ఓ పది జిప్పులు వేసి విప్పితే ఆ తప్పులు అక్కడే పోతాయి. గాడి ఉన్న ఫుట్‌తో మొదలుపెట్టినవాళ్లకు జిప్పు ఎందుకు కుదిరిందో తెలియదు. జిప్పు పళ్లు ఆ గాడికి సరిపడనంత లావుగా ఉన్న రోజున చేతులెత్తేస్తారు.

కుచ్చుల విషయంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. రఫ్లర్‌కు ఒక కొక్కెం ఉంటుంది, అది సూది మర మీద కూర్చుంటుంది. సూది లేచి దిగినప్పుడల్లా లోపలి రేకు బట్టను ముందుకు తోస్తుంది. ప్రతి కుట్టుకీ, ఆరు కుట్లకీ, పన్నెండు కుట్లకీ ఒక కుచ్చు వచ్చేలా పెట్టుకోవచ్చు. చూడ్డానికి ముచ్చటే. కానీ పాప గౌను పై భాగం నడుము 22 అంగుళాలు ఉందనుకోండి, కుచ్చు పెట్టిన కింది భాగం సరిగ్గా 22 దగ్గర ఆగాలి. రఫ్లర్ ఇరవైకే ఆగిపోవచ్చు, ఇరవై నాలుగు దాకా పోవచ్చు. అదే రెండు వరసల వదులు కుట్టు వేసి, బాబిన్ దారం లాగి కుచ్చు పెట్టేవాళ్లు 22 దగ్గర దారం ముడివేసి, కుచ్చుల్ని వేళ్లతో సమంగా జరుపుకుంటారు. కొలత చేతిలో ఉంటుంది.

టీచరమ్మ: ఒక్క గౌనుకైతే మీ పద్ధతే మేలు. అందులో తర్కం పెట్టే పని లేదు. స్కూల్లో వార్షికోత్సవానికి ఒకే కొలత గౌన్లు ముప్పై కుట్టాలన్నప్పుడు చూడండి. అదే బట్ట ముక్క మీద ఒక అడుగు కుట్టి, ఎంత బట్టకు ఎంత కుచ్చు వచ్చిందో టేపుతో కొలిచి, మర తిప్పి సరిచేసుకుంటే సరి. కుట్టు పొడవు మార్చకూడదు, బట్ట మార్చకూడదు. ఇక ముప్పై గౌన్లకూ లెక్క ఒక్కటే. దారం లాగే పద్ధతిలో గౌనుకు రెండు వరసల కుట్టు, ఆపైన లాగడం, మధ్యలో దారం తెగితే మళ్లీ మొదటికి రావడం. ముప్పై సార్లు.

మాస్టరు: ఒకటే పని ముప్పై సార్లయితే ఫుట్‌ది పైచెయ్యి. ముప్పై రకాల పనులు ఒక్కోసారి అయితే చేతిది పైచెయ్యి. ఈ మేరకు ఒప్పందం. లేడీస్ టైలర్ దగ్గరికి వచ్చేవి ఎక్కువగా రెండో రకం పనులే. ఏ ఇద్దరి ఒంటి కొలతా ఒకటి కాదు.

టీచరమ్మ: ఒళ్లు వేరైనా మెడ పైపింగు మందం ఒక్కటే కదా? ఒక్కో మనిషి కొలత మారుతుంది, అంచుల పని మారదు. సరే, వెల్వెట్ సంగతి చెప్పండి. రెండు పొరల వెల్వెట్ కుట్టినప్పుడు కింది పొరను పళ్లు లాగుతాయి, పై పొరను ఫుట్ ఆపుతుంది. చివరికి వచ్చేసరికి పై పొర మిగిలిపోతుంది. నారాయణపేట గళ్ల చీరతో లంగా కుట్టేటప్పుడు జాయింటు దగ్గర గడికి గడి కలవకపోవడానికి కారణం కూడా ఇదే. వాకింగ్ ఫుట్‌కి సొంత పళ్లు ఉంటాయి. కింది పళ్లు కదిలినప్పుడే పైనుంచి అవీ కదులుతాయి. రెండు పొరలూ ఒకే లెక్కన నడుస్తాయి.

మాస్టరు: దానికి కచ్చా కుట్టు ఉందిగా. వెల్వెట్‌ను ముందు చేత్తో కచ్చా వేసి తర్వాత మిషను మీద కుడితే పొర జారదు. గళ్ల బట్టకూ గుండుసూదులు పెట్టి, గడి మీద గడి పెట్టి కచ్చా వేస్తారు. దారం, సూది, పది నిమిషాల ఓపిక. వాకింగ్ ఫుట్ బరువైనది, మిగతావాటి కన్నా ఖరీదైనది. దానితో రివర్స్ కుట్టు వెయ్యకూడదు, స్పీడుగా తొక్కకూడదు. పైగా ఇళ్ల మిషనుకు చేసిన వాకింగ్ ఫుట్ దుకాణపు పవర్ మిషను మీదికి ఎక్కదు.

అయినా ఒక చోట తల వంచాలి. పాత చీరలు నాలుగైదు పొరలు పేర్చి మిషను మీద బొంత కుట్టేవాళ్లున్నారు. అంత వెడల్పున కచ్చా వెయ్యాలంటే నేలమీద పరుచుకుని సగం రోజు కూర్చోవాలి. వేసినా మధ్యలో ముడతలు పడతాయి. బొంతలు కుట్టి అమ్ముకునేవాళ్లకు వాకింగ్ ఫుట్ ఖర్చు కాదు, పెట్టుబడి.

టీచరమ్మ: ఆ మాట మీ నోట రావడం సంతోషం. రెగ్జిన్ సంచులు కుట్టేవాళ్ల గురించి కూడా అనండి మరి. మామూలు లోహపు ఫుట్‌కి రెగ్జిన్ అతుక్కుంటుంది, బట్ట కదలక కుట్టు మీద కుట్టు పడుతుంది. అడుగు జారుడుగా ఉండే టెఫ్లాన్ ఫుట్ పెడితే సాఫీగా పోతుంది.

మాస్టరు: మామూలు ఫుట్ అడుగున సెల్లోటేపు ముక్క అంటించి కుట్టేవాళ్లు ఎంతమంది లేరు? జీన్స్ ప్యాంటు పొట్టి చేసేటప్పుడు పక్క జాయింటు దగ్గర ఫుట్ ముక్కు పైకి లేస్తుంది, కుట్లు చిన్నవైపోతాయి. ఫుట్ వెనక అంతే మందం గుడ్డను మడిచి పెడితే ఫుట్ సమంగా కూర్చుంటుంది. ఆ పనికి కూడా ప్లాస్టిక్ ముక్క ఒకటి అమ్ముతున్నారు. జారే షిఫాన్ కింద న్యూస్‌పేపరు పెట్టి కుట్టి, తర్వాత చింపేస్తే బట్ట కదలదు. ఇవి పైసా ఖర్చులేని ఉపాయాలు. మిషను ఎలా పనిచేస్తుందో అర్థమైనవాళ్లకే తడతాయి. ప్రతి కష్టానికీ ఒక కొన్న వస్తువు దొరికితే ఈ ఉపాయాలు తట్టే బుర్ర మొద్దుబారదా?

1924లో ఢిల్లీలో జి. రామచంద్రన్ అనే యువకుడు గాంధీని యంత్రాల మీద ప్రశ్నించాడు. గాంధీ కుట్టు మిషనుకు మినహాయింపు ఇచ్చారు. ఇన్నాళ్లలో కనిపెట్టిన ఉపయోగకరమైన కొద్ది వస్తువుల్లో దాన్నొకటిగా లెక్కించారు. అదే సంభాషణలో యంత్రం మనిషి అవయవాలను చచ్చుబడేలా చెయ్యకూడదని కూడా అన్నారు. మిషనుకు ఆయన ఇచ్చిన అనుమతి ఆ షరతుతోనే ఉంది.

టీచరమ్మ: ఆ సంభాషణలో ఆయన ముందు పెట్టింది మనిషిని. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక సింగర్ ఆ మిషను చేశాడని గాంధీ నమ్మారు. చరిత్ర ప్రకారం అది నిజం కాకపోయినా ఆయన ఉద్దేశం తెలుస్తూనే ఉంది. మనిషి శ్రమ తగ్గించే యంత్రం, మనిషి చేతి కిందే ఉండే యంత్రం ఆయనకు సమ్మతమే. చేతి సూది బదులు మిషను వచ్చినప్పుడు కూడా చేతి పనితనం పోతుందన్నవాళ్లు ఉండే ఉంటారు. ఆ లెక్కన మీ మిషను మీద కూడా అభ్యంతరం రావాలి.

మాస్టరు: మనిషి చేతి కింద ఉన్నంతవరకు రాదు. చేతి కిందనుంచి జారిపోయే చోటు కూడా ఒకటి ఉంది. విశాఖ దగ్గర అచ్యుతాపురం బ్రాండిక్స్ అపారెల్ సిటీలో వేలమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. ఎక్కడైనా ఎగుమతి బట్టల ఫ్యాక్టరీ లైను నడిచే తీరు ఒక్కటే. చొక్కా పనిని ముక్కలు చేసి ఒకరికి ఒక ముక్క ఇస్తారు. మడత వేసే ఫోల్డర్లు, అంచుకు కొలత తప్పకుండా పోయే గైడ్ ఫుట్‌లు మెకానిక్ బిగించి పెడతాడు. కుట్టే మనిషి బట్ట అందిస్తే చాలు. ఏళ్ల తరబడి కాలరు మీద పై కుట్టు వేసిన ఆడమనిషి బయటికొచ్చి సొంతంగా ఒక చొక్కా కుట్టగలదా? పనితనం లోహంలో ఉంటే ఆ లోహం ఎవరిదో పనితనం వాళ్లదే.

టీచరమ్మ: అక్కడ అది యాజమాన్యం చేతిలో ఉంది కాబట్టి మీ మాట నిజం. ఇంటి దగ్గర మిషను పెట్టుకున్న ఆడమనిషి టేబుల్ డ్రాయరులో ఉన్న ఫుట్ ఆవిడ సొంతం. చాలా ఫుట్‌ల ధర ఒక లైనింగ్ జాకెట్టు కుట్టుకూలిని మించదు. ఆవిడకు అది యజమాని తెచ్చిపెట్టిన ఆంక్ష కాదు, అదే రోజులో ఇంకో రెండు చున్నీలు కుట్టగలగడం.

వయసు సంగతి కూడా మరిచిపోవద్దు. యాభై దాటిన దర్జీకి చూపు తగ్గుతుంది, చేతికి వణుకు వస్తుంది. అంచుకు 1/16 అంగుళం దూరంలో కుట్టు వెయ్యాలంటే కంటి మీద ఆధారపడలేడు. ఒక పాదం విడిగా స్ప్రింగు మీద ఆడే ఫుట్ ఒకటుంది. ఒక పాదం పట్టీ మీద, ఇంకో పాదం పట్టీ అంచు కింద దిగి ఆనుకుని నడుస్తుంది. కుట్టు ఆ 1/16 అంగుళం దాటి పోదు. ఆ ఫుట్ వల్ల ఆయన మరో పదేళ్లు పనిచేసుకుంటాడు. చచ్చుబడుతున్న అవయవానికి అది ఊత.

మాస్టరు: పెద్దవాళ్ల విషయంలో మీకు ఎదురు చెప్పడానికి నోరు రాదు. వాళ్ల చేతికి పని ముందే తెలుసు, ఫుట్ దాన్ని నిలబెడుతోంది. నేర్చుకునే పిల్లకు చేతిలో ఇంకా పని లేదు. గొడవంతా ఆ పిల్ల గురించే.

టీచరమ్మ: ఆ పిల్ల దగ్గర ఉన్న సమయం ఎంతో చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, సుమారు 40 గంటలు. పనిముట్ల కోసం రూ.15,000 వరకు సాయం. అప్పటికే చెయ్యి తిరిగిన దర్జీలకు ఆ గంటలు సరిపోతాయి. కానీ ఊళ్లలో మామూలుగా నడిచే కోర్సుల్లోనూ కొత్తవాళ్లకు ఒకటి రెండు నెలలకు మించి ఉండదు. ఇంటి పని, పిల్లలు, పొలం మధ్య వచ్చే ఆడవాళ్లు. ఆ కాస్త వ్యవధిలో గోటితో జిప్పు పట్టే ఒడుపు నేర్పాలా, లేక బయటికెళ్లగానే నాలుగు రూపాయలు వచ్చే పని నేర్పాలా? మొదటి వారం మామూలు ఫుట్‌తో తిన్న గీతలు, గుండ్రం గీతలు. రెండో వారం నుంచి సింగిల్ ఫుట్, రోల్డ్ హెమ్, కన్సీల్డ్ జిప్పు ఫుట్. చేతి ఒడుపు పని మీద వస్తుంది.

మాస్టరు: వరస అది కాకూడదు. మొదట ఒక జాకెట్టు మొత్తం మామూలు ఫుట్‌తో, సింగిల్ ఫుట్‌తో. మెడ పైపింగు చేత్తో మడిచి, కచ్చా వేసి, చంక చేత్తో సరిచేసి. వంకరగా వచ్చినా పరవాలేదు, విప్పి మళ్లీ కుట్టాలి. తర్వాతే మిగతా ఫుట్‌లు. సమయం చాలదంటే కోర్సు పొడిగించండి, విద్యను కత్తిరించకండి. పనిముట్ల సాయం వస్తే ముందు మంచి కత్తెర, ఇస్త్రీపెట్టె, టేపు, సరిగ్గా టెన్షన్ నిలిచే మిషను కొనాలి. 42 ముక్కల పెట్టె చివరి మాట.

టీచరమ్మ: కోర్సు పొడిగించమనే కోరిక మన ఇద్దరిదీ. అది పొడిగించేదాకా వచ్చిన పిల్లను ఖాళీ చేతులతో పంపలేం కాబట్టి వరస విషయంలో మన దారులు వేరే. పనిముట్ల జాబితాలో మాత్రం మీ మాటే సరైనది. కత్తెర, ఇస్త్రీ తర్వాతే ఫుట్.

మాస్టరు: వరస విషయంలో ఈ వాదం ఇక్కడ ముగియదు. కొనేవాళ్లకు మాత్రం ఒక మాట చెప్పి పంపుదాం. ఏ ఫుట్ అయినా డబ్బిచ్చే ముందు మీరు రోజూ కుట్టే బట్ట ముక్క వెంట తీసుకెళ్లి, దుకాణంలోనే ఒక అడుగు కుట్టించి చూడండి. అదే ముక్క మీద చేత్తో మడిచి ఒక అడుగు కుట్టి రెండూ పక్కపక్కన పెట్టండి. చేతి కుట్టే బాగుంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

టీచరమ్మ: దుకాణానికి వెళ్లేటప్పుడు మిషనుకు ఇప్పుడున్న ఫుట్ ఊడదీసి చేతిలో పట్టుకెళ్లండి, మిషను మోడల్ నంబరు కాగితం మీద రాసుకెళ్లండి. మీ మిషను జిగ్‌జాగ్ వేస్తుందా, తిన్న కుట్టు మాత్రమేనా అన్నది ముందే చెప్పండి. షాంక్ ఎత్తు సరిపోయిన ఫుట్ మాత్రమే తీసుకోండి. ఇంటికొచ్చి బిగించాక మర గట్టిగా బిగిసిందో లేదో చూసి, మోటారు తొక్కే ముందు చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పండి.